ప్లీడరుని వదిలేసి పక్కవాణ్ణి బెదిరిస్తే? అమెరికా లా ఫర్ముల గొడవ, నా జెరాక్సు షాపు గొడవ

కోర్టు గేటు జెరాక్స్ (శ్రీకాకుళం) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. పోస్టు పెద్దదవుతుంది, ముందే చెప్తున్నాను.

మాది శ్రీకాకుళంలో కోర్టు గేటుకి ఎదురు వరసలో జెరాక్సు, డీటీపీ షాపు. రెండు మిషన్లు, ఒక కంప్యూటరు, ముందు భాగంలో స్టాంపులాయనకి అద్దెకిచ్చిన బల్ల. ఇరవై రెండేళ్ళుగా దావాలు, అఫిడవిట్లు, వకాల్తాలు కొడుతున్నాను. లా చదవలేదు గానీ "పైన వివరించిన కారణముల దృష్ట్యా" అన్న ముక్క నిద్రలో కూడా టైపు చేస్తాను.

మా అమ్మాయి విశాఖలో లా చదువుతోంది. పోయిన నెల సెమినార్ పేపరు చేత్తో రాసి, ఫొటోలు తీసి, "అమ్మా, కొట్టి పెట్టవా" అని వాట్సాప్‌లో పంపింది. (చేతిరాత వాళ్ళ నాన్నదే వచ్చింది. కోడి కెలికినట్టుంటుంది.) విషయం, అమెరికా అధ్యక్షుడు ట్రంప్ లా ఫర్ముల మీద ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్లు.

నాకు అర్థమైనంత వరకు సంగతి ఇది. 2025 మార్చి 6న పెర్కిన్స్ కూయీ అనే ఫర్ము మీద ఒక ఆర్డరు ఇచ్చాడు. 2016 ఎన్నికల్లో ఆ ఫర్ము హిల్లరీ క్లింటన్ తరఫున పనిచేసిందన్నది ప్రధానమైన కోపం. ఎనిమిది రోజులకి పాల్ వైస్ మీద ఇంకొకటి. అదే నెలాఖరులో జెన్నర్ అండ్ బ్లాక్, విల్మర్ హేల్. ఏప్రిల్ 9న సస్మన్ గాడ్‌ఫ్రీ. ఎవరూ నేరం చేశారని కోర్టు తేల్చలేదు. ఒకరు ట్రంప్‌కి గిట్టని వాళ్ళ కేసు వాదించారు. ఇంకొకరి దగ్గర ట్రంప్ మీద దర్యాప్తు చేసిన మనిషి ఉద్యోగం చేశాడు. అంతే.

శిక్షలు ఏమిటంటే, ఆ ఫర్ముల లాయర్లకి రహస్య కాగితాలు చూసే అనుమతులు ఆపేయమన్నాడు. ప్రభుత్వ భవనాల్లోకి రాకుండా కట్టడి పెట్టమన్నాడు. వాళ్ళ దగ్గర పనిచేసినవాళ్ళని ప్రభుత్వ ఉద్యోగాల్లోకి తీసుకోవద్దన్నాడు. ఇవన్నీ గబగబా కొట్టుకుంటూ పోయాను. తరవాతి లైను దగ్గర చేతులు ఆగిపోయాయి. ప్రభుత్వంతో కాంట్రాక్టులున్న కంపెనీలు, ఆ లా ఫర్ముతో తమకేమైనా లావాదేవీలున్నాయా లేదా వెల్లడించాలట. ఉంటే ఆ కాంట్రాక్టు సంగతి చూస్తారట.

ఆ లైను ఎందుకు గుచ్చుకుందో చెప్పాలంటే నా గొడవ చెప్పాలి.

నా షాపుకి పాత ఖాతాదారు ఒక ప్లీడరుగారు ఉన్నారు. పేరు వద్దు. అరవై దాటాయి, ఇప్పటికీ స్కూటరే. ఒక చెరువు గట్టు మీద నలభై చిల్లర కుటుంబాలకి ఇళ్ళు ఖాళీ చెయ్యమని నోటీసులొస్తే, ఆయన వాళ్ళ తరఫున వకాల్తా వేసి స్టే తెచ్చారు. ఆ దావా కొట్టింది నేనే. నలభై మంది వేలిముద్రలు, సంతకాలు నా బల్ల మీదే పడ్డాయి. ఇంకు ప్యాడ్ మరక ఇప్పటికీ పోలేదు.

నాకు ఊళ్ళోనే ఒక ప్రభుత్వ ఆఫీసు జెరాక్సు పని కూడా ఉండేది. నెలకి తొమ్మిది పదివేలు. మూడు నెలలకోసారి బిల్లు. స్టే వచ్చిన వారానికి ఆ ఆఫీసు సూపరింటెండెంటు షాపుకి వచ్చాడు. కుర్చీ వేశాను. టీ తెప్పించాను. టీ తాగుతూ, "ఏటమ్మా, ఆ ప్లీడరు కాయితాలన్నీ నీ దగ్గరే కొడతన్నారంట గదా. మరి నీ బిల్లు పైన సారు దగ్గరుంది. నాను చెప్పీదేటుంది, నువ్వే సూసుకో" అన్నాడు. తిట్టలేదు, బెదిరించలేదు. గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు ప్లీడరుగారి గుమస్తా ఒక కౌంటరు పట్టుకుని వచ్చాడు. "డ్రమ్ము పోయిందండీ, మెకానిక్ విశాఖ నుంచి రావాలి" అని చెప్పాను. చెప్తూ ఉండగానే మిషన్లోంచి ఎవరో పిల్ల ఆధార్ కార్డు కాపీలు ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి. గుమస్తా ఆ కాపీల వంక చూశాడు. నా వంక చూడలేదు. ఫైలుకి ట్యాగు మళ్ళీ ముడేసుకుని, డే అండ్ నైట్ జంక్షన్ వైపు నడుచుకుంటూ పోయాడు. ఎండ మండిపోతోంది.

మూడు వారాలు అలాగే నడిచింది. ఆ మూడు వారాల్లోనే ఒక రైసు మిల్లు ఆయన, ఇంకో కాంట్రాక్టరు ఆ ప్లీడరుగారి దగ్గర నో అబ్జెక్షన్ తీసుకుని వేరే వకీలుకి వకాల్తా మార్చేసుకున్నారని స్టాంపులాయన చెప్పాడు. వాళ్ళ దగ్గర కూడా ఎవరైనా టీ తాగారేమో.

ఇప్పుడు అడగాల్సింది అడుగుతాను. పాల్ వైస్ లాంటి ఫర్ము ఏడాదికి వందల కోట్ల డాలర్లు సంపాదిస్తుందట. వాళ్ళు కోర్టుకి వెళ్ళకుండా వారంలోపే రాజీ ఎందుకు పడ్డారు? నేను భయపడ్డానంటే మిషను వాయిదా కట్టాలి, అమ్మాయి ఫీజు కట్టాలి. వాళ్ళకేం వచ్చింది? రెండోది, ఇలాంటిది మన దగ్గర జరిగితే చట్టంలో ఏముంది? ఇది లాయర్ల గొడవా, లేక మనందరిదీనా?

---

పలాస జీడిపప్పు

మేడమ్, మీ నిజాయితీకి దండం. కానీ నేను సూటిగా అంటాను. ఆ ఫర్ములేమైనా పేదవాళ్ళ కోసం పుట్టాయా? గంటకి వెయ్యి డాలర్ల పైన తీసుకునే వాళ్ళు. చమురు కంపెనీలకి, బ్యాంకులకి వాదిస్తారు. వాళ్ళని ఒకడు కాస్త భయపెట్టాడు. ప్రజాస్వామ్యం పడిపోయిందని మనం ఇక్కడ పలాసలో ఏడవాలా? మా నాన్న జీడితోట కేసు పద్దెనిమిదేళ్ళు నడిచింది. ముగ్గురు ప్లీడర్లు మారారు. ఫీజు తీసుకున్న రోజు తప్ప మిగతా రోజుల్లో మా మొహం ఎవరికీ గుర్తుండేది కాదు. రహస్య కాగితాలు ఎవరికి చూపించాలో అధ్యక్షుడి ఇష్టం. ప్రభుత్వం తన డబ్బు ఎవరికివ్వాలో ప్రభుత్వం ఇష్టం. ఇందులో తప్పేంటో ఎవరైనా చెప్పండి.

---

కోట దగ్గర వకీలు (విజయనగరం)

అమ్మా, ముందు మీకు, తరవాత జీడిపప్పు గారికి.

నేను విజయనగరంలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ప్రాక్టీసు చేస్తున్నాను. మీరు టైపు చేస్తూ ఆగిపోయిన లైనే అసలు లైను. మిగతావి లాయరుకి తగిలే దెబ్బలు. అది మాత్రం లాయరు పక్కన నిలబడ్డవాడికి తగిలే దెబ్బ. పెర్కిన్స్ కూయీ వాళ్ళు కోర్టులో ఏం చెప్పుకున్నారో తెలుసా? తమ పెద్ద క్లయింట్లలో చాలామంది ప్రభుత్వ కాంట్రాక్టర్లేనని, వాళ్ళు వెళ్ళిపోతే ఫర్ము మూతపడుతుందని. ఆ ఆర్డరు చూస్తే వెన్నులో వణుకు పుడుతోందని జడ్జి బెరిల్ హోవెల్ విచారణలోనే అన్నారు. ఆర్డరు వచ్చింది మార్చి 6న, ఆమె తాత్కాలికంగా ఆపింది మార్చి 12న. మే 2న శాశ్వతంగా కొట్టేశారు.

కోర్టుకి వెళ్ళినవి నాలుగు ఫర్ములు. నాలుగూ గెలిచాయి. జెన్నర్ కేసులో జడ్జి బేట్స్, విల్మర్ హేల్ కేసులో జడ్జి లియోన్. వీళ్ళిద్దరినీ వేసింది రిపబ్లికన్ అధ్యక్షుడు జార్జి బుష్. సస్మన్ కేసులో జడ్జి అలీఖాన్ జూన్ 27న తీర్పిచ్చారు. కాబట్టి ఇది పార్టీల తగాదా అనడానికి లేదు. ప్రభుత్వం అప్పీలుకి వెళ్ళింది, అది వేరే సంగతి.

లియోన్ గారి తీర్పులో ఒక ఫుట్‌నోటు నాకు భలే నచ్చింది. ఆ ఆర్డరులోని సెక్షన్లన్నీ విడివిడిగా చూడమని ప్రభుత్వం వాదించింది. ఈ సెక్షను తప్పయినా ఆ సెక్షను మిగలనివ్వండి అన్నట్టు. ఆయన దాన్ని గుంబోతో పోల్చారు. గుంబో అంటే లూసియానా వైపు పులుసు. పీతలు, రొయ్యలు, బెండకాయలు అన్నీ పడతాయి. అన్నిటినీ పట్టి ఉంచేది దాని చిక్కటి అడుగు. ఈ ఆర్డరుకి ఆ అడుగు మొదటి సెక్షనులో రాసిన కక్ష అని తేల్చారు. మన భాషలో చెప్పాలంటే దప్పళంలో ముక్కలు ఏరి, ఇవి పుల్లగా లేవు చూడండి అంటే కుదరదు.

జీడిపప్పు గారూ, రహస్య కాగితాల విషయంలో మీరన్నది సగం నిజం. అమెరికా సుప్రీంకోర్టు 1988లో ఒక నేవీ కేసులో, ఆ అనుమతులు ఇవ్వడం మానడం ప్రభుత్వ విచక్షణే అంది. కానీ విచక్షణ అంటే ఒక్కొక్క మనిషినీ చూసి, వీడి వల్ల దేశానికి ముప్పుందా లేదా అని తేల్చడం. ఫర్ములో వెయ్యిమంది ఉంటే వెయ్యిమందికీ ఒక్క కలం పోటుతో ఆపేస్తే దాన్ని విచక్షణ అనరు. మీ నాన్నగారి కేసులో ప్లీడర్లు చేసింది తప్పే. అలాంటివాళ్ళ మీద ఫిర్యాదుకి అడ్వకేట్స్ యాక్టు 35వ సెక్షను ఉంది, బార్ కౌన్సిలు ఉంది. ముందు నోటీసు, తరవాత విచారణ, ఆ తరవాతే శిక్ష. ఆ వరస తప్పించి కలెక్టరో ముఖ్యమంత్రో నేరుగా శిక్ష వేస్తే, రేపు మీ తోట మీదికి ప్రభుత్వమే వచ్చినప్పుడు మీ తరఫున నిలబడడానికి ఎవరొస్తారు? పేదవాడికి పెద్ద ఫర్ము అక్కర్లేదన్నది నిజమే. ప్రభుత్వానికి ఎదురు నిలబడే వకీలు ఒక్కడైనా అక్కర.

గిట్టనివాడి కేసు పట్టడం అమెరికా వాళ్ళకి కొత్త కాదు. 1770లో బోస్టన్‌లో బ్రిటిష్ సైనికులు జనం మీద కాల్చి అయిదుగురిని చంపారు. ఊరంతా వాళ్ళని నమిలి మింగేద్దామన్నంత కోపంగా ఉంది. అలాంటప్పుడు ఆ సైనికుల తరఫున వాదించింది జాన్ ఆడమ్స్. కెప్టెన్ విడుదలయ్యాడు. ఎనిమిది మంది సైనికుల్లో ఆరుగురు విడుదలయ్యారు. ఆ ఆడమ్సే తరవాత ఆ దేశానికి రెండో అధ్యక్షుడు. హోవెల్ గారు తన తీర్పులో ఆయన్ని గుర్తుచేసుకున్నారు.

ఇక మన చట్టం. రాజ్యాంగం 22వ అధికరణం ఒకటో క్లాజు, అరెస్టయినవాడికి తనకి నచ్చిన వకీలుని పెట్టుకునే హక్కు ఇచ్చింది. "నచ్చిన" అన్న మాట ఊరికే పడలేదు. 2010 డిసెంబరులో మహమ్మద్ రఫీ కేసులో సుప్రీంకోర్టు, ఫలానావాడి తరఫున మా ఊరి వకీళ్ళెవరూ వాదించరు అని బార్ అసోసియేషన్ తీర్మానం చేసినా చెల్లదని చెప్పింది. అంటే ప్రభుత్వం మాత్రమే కాదు, మేము కూడా ఆ దారి మూయకూడదు. ఈ విషయంలో మా బార్లు కూడా కడిగిన ముత్యాలేం కాదు, ఒప్పుకోవాలి.

2025 జూన్‌లో ఈడీ వాళ్ళు ఇద్దరు సీనియర్ అడ్వకేట్లకి, అరవింద్ దాతార్ గారికి, ప్రతాప్ వేణుగోపాల్ గారికి, సమన్లు పంపారు. క్లయింటుకి ఇచ్చిన న్యాయసలహా గురించి! బార్ గోల పెట్టింది. ఈడీ వెనక్కి తీసుకుంది. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టి అక్టోబరు 31న తీర్పిచ్చింది. భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షనులోని మినహాయింపుల కిందకి వస్తే తప్ప, క్లయింటు గుట్టు కోసం వకీలుని పిలవకూడదు. పిలిచినా ఎస్పీ ర్యాంకుకి తగ్గని పై అధికారి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

మీ షాపుకి సరిగ్గా పనికొచ్చేది ఇంకొకటుంది. 1974లో తీర్పొచ్చిన ఎరూసియన్ ఎక్విప్‌మెంట్ కేసు. ప్రభుత్వం ఎవరితో వ్యాపారం చెయ్యాలో దాని ఇష్టం అన్న వాదన అక్కడా వచ్చింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ప్రభుత్వం మామూలు వ్యాపారి కాదు, ఒకరిని బ్లాక్‌లిస్టులో పెట్టాలంటే ముందు వాళ్ళ మాట వినాలి అంది. యూపీలో 1990లో జిల్లా ప్రభుత్వ ప్లీడర్లందర్నీ ఒకే సర్క్యులర్‌తో తీసేస్తే, శ్రీలేఖ విద్యార్థి కేసులో దాన్నీ కొట్టేసింది.

చట్టం మన వైపే ఉంది. తేడా ఎక్కడొచ్చిందంటే, ట్రంప్ సంతకం పెట్టి, కారణాలు రాసి మరీ ఇచ్చాడు. అందుకే కోర్టు ఆ కాగితం పట్టుకుని కొట్టేయగలిగింది. మీ సూపరింటెండెంటు టీ తాగి వెళ్ళాడు. టీ గ్లాసు మీద రిట్ వెయ్యలేం కదమ్మా.

కాబట్టి ముందు కాగితం పుట్టించండి. మీ బిల్లు ఏ తేదీన ఇచ్చారో, ఎంతో, ఎందుకు ఆగిందో అడుగుతూ ఆ ఆఫీసుకి ఒక ఉత్తరం ఇచ్చి రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ముప్ఫై రోజుల్లో చెప్పి తీరాలి. ప్లీడరు ఊసు అందులో ఎత్తొద్దు. కారణం వాళ్ళ చేతే రాయించాలి.

---

టెక్కలి టు న్యూజెర్సీ

అక్కా, మీ మొదటి ప్రశ్నకి నేను కొంత చెప్పగలను. ఇక్కడ ఒక కంపెనీలో కాంట్రాక్టుల డేటా చూసే పని నాది. లాయర్లతో రోజూ మెయిల్సు నడుస్తాయి.

ఇక్కడి పెద్ద ఫర్మంటే మన ప్లీడరుగారి ఆఫీసులా కాదు. కొన్ని వందల మంది పార్ట్‌నర్లు. ప్రతివాడి వెనకా వాడి సొంత క్లయింట్లు. వాడు లేచి పక్క ఫర్ముకి వెళ్తే ఆ క్లయింట్లు కూడా లేచిపోతారు. అంటే ఫర్ముకి గోడలు, బీరువాలు తప్ప ఆస్తి లేదు. పాల్ వైస్ ఛైర్మన్ తన వాళ్ళకి రాసిన మెయిల్లో రెండు ముక్కలు చెప్పాడు. ఈ ఆర్డరు మన ఫర్మునే నాశనం చేసేదని ఒకటి. పోటీ ఫర్ములు మనకి సాయం రాకపోగా మన క్లయింట్లకి, మన లాయర్లకి వల వేశాయని ఇంకొకటి. అంటే ఇల్లు కాలుతుంటే చుట్టకి నిప్పడిగిన బాపతు. మార్చి 14న ఆర్డరు, మార్చి 20న రాజీ. 4 కోట్ల డాలర్ల విలువైన ఉచిత న్యాయసేవ చేస్తామన్నారు.

ఒకరు వంగాక మిగతావాళ్ళు క్యూ కట్టారు. స్కాడెన్, విల్కీ, మిల్‌బ్యాంక్ తలా 10 కోట్లు. ఏప్రిల్ 11న ఒక్క రోజే అయిదు ఫర్ములు. వాటిలో కిర్క్‌లాండ్, లేథమ్, సింప్సన్ థాచర్, ఏ అండ్ ఓ షెర్మన్ తలా 12.5 కోట్లు. మొత్తం తొమ్మిది ఫర్ములు, 94 కోట్ల డాలర్లు. మన రూపాయల్లో దాదాపు 8 వేల కోట్ల పని. వీళ్ళలో పాల్ వైస్ తప్ప మిగతా ఎనిమిదింటి మీద అసలు ఆర్డరే రాలేదు! వస్తుందేమోనన్న భయంతోనే ఒప్పందాలు కుదుర్చుకున్నారు.

ఇంకో వైపు, పెర్కిన్స్ కూయీకి మద్దతుగా 500 పైగా ఫర్ములు కోర్టులో సంతకం పెట్టాయి. ఎక్కువ భాగం చిన్నవీ మధ్యరకంవీ. బాగా పెద్దవి చాలావరకు మొహం చాటేశాయి. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

రాజీపడ్డవాళ్ళు బాగుపడ్డారా అంటే అదీ లేదు. మైక్రోసాఫ్ట్ ఒక కేసులో సింప్సన్ థాచర్‌ని వదిలేసి, కోర్టులో కొట్లాడుతున్న జెన్నర్‌ని పెట్టుకుంది. పాల్ వైస్ నుంచి పేరున్న పార్ట్‌నర్లు కొందరు బయటికొచ్చి సొంత ఫర్ము పెట్టుకున్నారు. వంగితే క్లయింట్లు నిలుస్తారనుకున్నారు. నా కోసం గట్టిగా నిలబడతాడా అని చూసే క్లయింట్లు కూడా ఉంటారని లెక్క వేసుకోలేదు.

జీడిపప్పు అన్నా, పెద్ద ఫర్ములు పేదవాళ్ళకి అక్కర్లేదన్నావు. ఇక్కడ వలస వచ్చినవాళ్ళ కేసులు, ఉరిశిక్ష కేసులు డబ్బు తీసుకోకుండా చేసేది ఈ ఫర్ములే. వాళ్ళకి మంచి పేరు కోసమే అనుకో, కానీ మనుషులూ సౌకర్యాలూ వాళ్ళ దగ్గరే ఉన్నాయి. ఈ గొడవ తరవాత, ప్రభుత్వానికి ఎదురెళ్ళే కేసులంటే పెద్ద ఫర్ములు వెనకాడుతున్నాయని ఉచిత న్యాయసహాయం చేసే సంస్థలు బాహాటంగానే చెప్పాయి. మా అపార్ట్‌మెంట్లలో సగంమంది హెచ్1బీ మీద ఉన్నవాళ్ళం. రేపు మాకేదైనా అయితే ఫోన్ ఎత్తేదెవరు అన్నది మాకు టీవీ చర్చ కాదు.

---

పలాస జీడిపప్పు

ఎనిమిది ఫర్ముల మీద ఆర్డరు రాకుండానే రాజీపడ్డాయా? అది నాకు తెలీదు. సరే, ఆ ఒక్క మాట ఆలోచిస్తాను. మా ప్లీడర్ల మీద నా కోపం మాత్రం అలాగే ఉంటుంది.

వకీలు గారూ, ఒక సందేహం. మన దేశంలో వకీళ్ళు అందరూ కలిసి నిలబడిన సందర్భం ఏదైనా ఉందా? లేక మనమూ ఆ పెద్ద ఫర్ముల బాపతేనా?

---

కోట దగ్గర వకీలు (విజయనగరం)

ఉంది. ఎమర్జెన్సీలో రామ్ జెఠ్మలానీ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఛైర్మన్. ఇందిరాగాంధీని విమర్శిస్తూ ప్రసంగించినందుకు కేరళ నుంచి ఆయన మీద అరెస్టు వారెంటు వచ్చింది. బొంబాయి హైకోర్టులో ఆయన తరఫున నానీ పాల్కీవాలా ముందుండి, 300 మందికి పైగా వకీళ్ళు హాజరు వేశారు. అరెస్టు ఆగింది. కానీ 1976 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, ఎమర్జెన్సీలో నిర్బంధించినవాళ్ళు విడుదల కోసం కోర్టుకి రావడానికి లేదంటూ హెబియస్ కార్పస్ తీర్పు ఇచ్చాక ఆ రక్షణ ఎగిరిపోయింది. ఆయన దేశం విడిచి వెళ్ళాల్సి వచ్చింది. ఆ తీర్పులో ఒక్క హెచ్.ఆర్. ఖన్నా గారే ప్రభుత్వానికి ఎదురు రాశారు. ప్రధాన న్యాయమూర్తి పదవి పోగొట్టుకున్నారు. మూడు వందల మంది నిలబడినా పైకోర్టు వంగితే ఏమవుతుందో అది. అమెరికాలో ఇప్పటివరకు కింది జడ్జీలు నలుగురూ వంగలేదు.

మన జిల్లాల సంగతి దూరం పోనక్కర్లేదు. శ్రీకాకుళం నక్సలైటు ఉద్యమం నాటి పార్వతీపురం కుట్ర కేసు ముద్దాయిల తరఫున వకాల్తా వెయ్యడమంటే ఆ రోజుల్లో ఎంత ధైర్యమో మా సీనియర్లు చెప్తుండేవారు. సోంపేట బీల భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దని కొట్లాడి, 2010 జులైలో కాల్పులయ్యాక కేసుల్లో ఇరుక్కున్న రైతులకీ మత్స్యకారులకీ బెయిలు కాగితాలు వేసింది ఎవరు? మీ షాపుల్లాంటి షాపుల్లో టైపు చేయించుకున్న ప్లీడర్లే. అప్పుడు జెరాక్సు మిషన్ల డ్రమ్ములన్నీ ఒక్కసారే పోయి ఉంటే?

అమ్మా, మిమ్మల్ని దెప్పడానికి అనలేదు. క్షమించండి.

---

కోర్టు గేటు జెరాక్స్ (శ్రీకాకుళం)

దెప్పినా పర్వాలేదు సార్. ఆ మాట చదివి షట్టరు సగం దించుకుని కూర్చున్నాను కాసేపు.

టెక్కలి తమ్ముడూ, నువ్వు చెప్పాక ఒక లెక్క కట్టాను. ఆఫీసు పని నెలకి పదివేలు అనుకున్నాను కదా. ప్లీడర్ల పని అంతా కలిపితే దానికి నాలుగింతలు. ఒక్క ప్లీడరుని పంపించేస్తే మిగతావాళ్ళు ఉంటారనుకున్నాను. ఆ మూడు వారాల్లో ఇంకో ఇద్దరు జూనియర్లు కూడా రావడం మానేశారు. గుమస్తా ఏమీ చెప్పి ఉండడు. కోర్టు ఆవరణలో చెప్పాల్సిన పని ఉండదు, ఏ మాటైనా చెట్టు కిందే తెలిసిపోతుంది.

వకీలు గారు చెప్పినట్టు ఉత్తరం రాశాను. అర పేజీ. తేదీలు, బిల్లు నంబర్లు, మొత్తం 28,640 రూపాయలు, ఎందుకు ఆగిందో తెలపగోరుతున్నాను. ఇరవై రెండేళ్ళు ఇతరుల "తెలపగోరుతున్నాను"లు కొట్టాను గానీ నా పేరు కింద కొట్టుకోవడం ఇదే మొదలు. సంతకం వంకరొచ్చింది. ఇన్‌వర్డ్ గుమస్తా ఆ కాగితాన్ని ముందు తిప్పి చూశాడు, వెనక తిప్పి చూశాడు, "దీనికేటి, నోటితో సెప్తే సరిపోయేది గదా" అన్నాడు. సరిపోయేది కాదు, ముద్ర కావాలన్నాను. వేశాడు. తేదీ సరిగా పడలేదు, మళ్ళీ వేయించాను. సూపరింటెండెంటు లోపలి నుంచి చూశాడు. ఈసారి టీ అడగలేదు, నేను ఇవ్వనూ లేదు. బిల్లు ఇంకా రాలేదు. ముప్ఫై రోజుల కాగితం కూడా టైపు చేసి డ్రాయర్లో పెట్టుకున్నాను.

అమ్మాయికి ఇదంతా చెప్పాను. పేపర్లో ఆ కాంట్రాక్టర్ల లైను దగ్గర ఇంకో రెండు పేజీలు పెంచింది. మళ్ళీ కొట్టమంది. కొట్టాను.

ప్లీడరుగారి దగ్గరికి నేనే వెళ్ళాను. అరసవల్లి వైపు వాళ్ళిల్లు. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వెళ్ళాను. తీరా గుమ్మంలో నోరు పెగల్లేదు. ఆయన మజ్జిగ ఇప్పించి, చెరువు గట్టు కేసు వాయిదా ఎప్పుడో చెప్పి పంపించేశారు.

నిన్న పొద్దున్న పదిన్నరకి గుమస్తా వచ్చాడు. చెరువు గట్టు కేసులోనే రిజాయిండరు, అరవై నాలుగు పేజీలు. ఫైలు బల్ల మీద పెట్టి, ఆ పాత ఇంకు మరక మీద వేలితో రాస్తూ కాసేపు నిలబడ్డాడు. తరవాత మిషను వంక చూసి అడిగాడు.

"డ్రమ్ము బాగయిందా?"

"బాగయింది" అన్నాను.

"అయితే మూడు సెట్లు తియ్యమ్మా. ఆఖరి పేజీ మాత్రం ఒక వైపే. వెనకాతల సీలు పడాలి."